థెరపీ రిపోర్టులో 80 శాతం, ఇంట్లో అదే తంతు. దేన్ని నమ్మాలి? (డీఎల్‌డీ, మూడో తరగతి)

నిజాంపేట_అమ్మ | సోమవారం రాత్రి 10:12

అందరికీ నమస్తే. మా బాబుకి ఎనిమిదేళ్ళు, మూడో తరగతి, ఇంగ్లిష్ మీడియం. ఇంట్లో తెలుగే. వినికిడి బాగుంది, ఆటిజం కాదన్నారు, తెలివితేటల పరీక్షలోనూ ఇబ్బంది లేదన్నారు. డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్ (డీఎల్‌డీ), అంటే భాష నేర్చుకోవడంలోనే ఇబ్బంది, అని రాసిచ్చారు. ఏడాదికి పైగా స్పీచ్ థెరపీకి తిప్పుతున్నాం.

మొన్న సెంటర్‌లో ప్రోగ్రెస్ రిపోర్టు చేతికిచ్చారు. "ముందు, తర్వాత: 80 శాతం. లక్ష్యం పూర్తయింది" అని ఉంది. అంటే ఆ రెండు మాటలతో చెప్పిన పనులు సరిగ్గా చేస్తున్నాడని. ఆ సాయంత్రమే "చేతులు కడుక్కునే ముందు బ్యాగు లోపల పెట్టిరా" అన్నాను. బ్యాగు భుజానే ఉంది, నేరుగా సింకు దగ్గరికెళ్ళి కుళాయి తిప్పాడు. బడిలో ఏం జరిగిందిరా అంటే "వాడు కొట్టాడు. పడిపోయింది. మిస్ వచ్చింది" అంటాడు. ఎవరు ఎవర్ని కొట్టారో, పడిపోయింది టిఫిన్ బాక్సో ఇంకేదో గుచ్చి గుచ్చి అడిగితే గానీ తేలదు.

మా ఆయన డబ్బులు దండగ, ట్యూషన్ పెడదాం అంటున్నారు. అత్తయ్యగారేమో వయసొస్తే అవే వస్తాయంటారు. థెరపీ పనిచేస్తోందో లేదో ఎలా తేల్చుకోవాలి? థెరపిస్టు మేడం చాలా మంచావిడ, బాబుకి ఆవిడంటే ప్రాణం. అడిగితే నొచ్చుకుంటారేమోనని టెన్షన్.

గోదారోడు | సోమవారం రాత్రి 10:40

మా వాడికి మూడేళ్ళదాకా ముక్క మాట లేదండీ. ఇప్పుడు నోరు మూయించలేక ఛస్తున్నాం. మీ అత్తగారు చెప్పిందే నిజం, కంగారు పడకండి.

మాటమూట | సోమవారం రాత్రి 11:25

గోదారోడు గారూ, మీ అబ్బాయి సంగతి సంతోషం. కానీ ఇది వేరు. రెండు, మూడేళ్ళప్పుడు మాటలు ఆలస్యమైన పిల్లల్లో చాలామంది మిగతావాళ్ళను అందుకుంటారు. ఐదేళ్ళు దాటాక కూడా చెప్పింది అర్థం కాక తికమకపడే పిల్లల్లో అది దానంతటది సర్దుకోవడం అరుదు. ఇంగ్లండ్‌లో సర్రే కౌంటీ బడుల్లో చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. మరే జబ్బూ, వినికిడి లోపమూ కారణంగా కనిపించని భాషా లోపం 7 శాతానికి పైగా పిల్లల్లో ఉందని తేలింది. ముప్ఫై మంది తరగతిలో ఇద్దరన్నమాట. డీఎల్‌డీ అనే పేరు కూడా ఆ రోజుల్లోనే, ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ డొరతీ బిషప్ కూడగట్టిన నిపుణుల బృందం ఖరారు చేసింది. అంతకుముందు తలా ఒక పేరుతో పిలిచేవాళ్ళు.

అమ్మగారూ, నేను స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజిస్టునే (స్పీచ్ థెరపిస్టుని), బడి పిల్లలతోనే నా పని. 80 శాతం అని చూడగానే నాకొచ్చే ప్రశ్న: ఏ వాక్యాల్లో 80?

ఈ రెండూ చూడండి.

"పెన్సిల్ ముట్టుకున్న తర్వాత పుస్తకం ముట్టుకో."
"పెన్సిల్ ముట్టుకునే ముందు పుస్తకం ముట్టుకో."

మొదటి దాంట్లో చెవికి ఏది ముందు పడుతుందో చేతికి కూడా అదే ముందు పని. రెండో దాంట్లో తిరగబడుతుంది. "ముందు", "తర్వాత" అసలేమీ అర్థంకాని పిల్లాడు కూడా విన్న వరసలో చేసుకుంటూ పోతే మొదటి రకం అన్నీ సరిగ్గా చేస్తాడు. పది వాక్యాల పరీక్షలో ఎనిమిది "తర్వాత"వి, రెండు "ముందు"వి ఉంటే ఆ పిల్లాడికి వచ్చేది అచ్చంగా 80 శాతమే. మీ బాబు బ్యాగు దించకుండా సింకు దగ్గరికెళ్ళాడంటే నాకు ఈ అనుమానమే వస్తోంది.

ఇంకోటి. "అన్నం తినే ముందు చేతులు కడుక్కో" అనే వాక్యం పరీక్షకు పనికిరాదు. అది భాష తెలియకపోయినా రోజూ చేసే పనే కాబట్టి చేసేస్తాడు. పెన్సిలూ పుస్తకంలాగా ఏది ముందైనా ఫరవాలేని పనులే ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు మన చూపు గానీ చెయ్యి గానీ వస్తువు వైపు పోకూడదు. పిల్లలు అది ఇట్టే కనిపెట్టేస్తారు.

మేడంని అడగండి. "ఆ 80 శాతం షీటు ఒకసారి చూపిస్తారా" అంటే నొచ్చుకునేదేం లేదు.

లెక్కల_మాస్టారు | మంగళవారం ఉదయం 6:50

మాటమూట గారు బాగా చెప్పారు. నా వంతు ఒక హెచ్చరిక. థెరపీకి ముందు కొలిచి, తర్వాత కొలిచి, పెరిగింది కాబట్టి థెరపీ వల్లే అంటే నేను ఒప్పుకోను. ఏడాదిలో పిల్లాడు ఏడాది పెరిగాడు, బడికెళ్ళాడు, అదే పరీక్ష రెండోసారి రాశాడు. మనం పిల్లల్ని సెంటర్‌కి తీసుకెళ్ళేది పరిస్థితి మరీ అధ్వానంగా ఉన్నప్పుడు. అలాంటి రోజున వచ్చిన మార్కు తర్వాత ఏమీ చేయకపోయినా కొంత పైకి రావడం మామూలే.

స్టాండర్డ్ స్కోరు, అంటే అదే వయసు పిల్లలతో పోల్చి ఇచ్చే మార్కు, దాని విషయంలో తల్లిదండ్రులు తిరగేసి కంగారు పడతారు. అందులో సగటు 100, ఒక మెట్టు (స్టాండర్డ్ డీవియేషన్) 15. నిరుడు 76, ఈ ఏడు 76 వచ్చిందంటే పిల్లాడు కదల్లేదని కాదు. తోటివాళ్ళు ఎంత ఎదిగారో వాడూ అంత ఎదిగాడు, తేడా అలాగే ఉండిపోయింది. నాలుగైదు పాయింట్లు అటూ ఇటూ అయితే అది పరీక్ష తాలూకు ఊగిసలాటే, దాన్ని పట్టుకుని పార్టీ చేసుకోనూ వద్దు, ఏడవనూ వద్దు. ఇక అమెరికా పిల్లల మీద తయారైన ఇంగ్లిష్ పరీక్ష మన నిజాంపేట పిల్లాడికి పెట్టి స్కోరు రాస్తే, ఆ అంకెకు అర్థమే లేదు.

విజయవాడ_సుధ | మంగళవారం ఉదయం 9:15

మా పాపకి ఒక కంప్యూటర్ ప్రోగ్రాం కొన్నాం. రోజూ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆటలు ఆడడమే, మెదడు శబ్దాలను పట్టుకునే వేగం పెరుగుతుందన్నారు. నిజంగా ఇంప్రూవ్ అయింది. మీరూ ట్రై చేయండి, థెరపీ కంటే చవక.

లెక్కల_మాస్టారు | మంగళవారం ఉదయం 9:58

సుధ గారూ, పాప బాగుపడిందంటే నేను కాదనను. ఎందువల్ల అన్నదే పేచీ. ఇదే రకం ప్రోగ్రాం, ఫాస్ట్ ఫర్‌వర్డ్ అని, దాని మీద అమెరికాలో పెద్ద ట్రయల్ చేసి 2008లో ప్రచురించారు. 6 నుంచి 9 ఏళ్ళ లోపు భాషా లోపం ఉన్న 216 మంది పిల్లలు. లాటరీ వేసినట్టు నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకి ఆ ప్రోగ్రాం, ఇంకో గుంపుకి వేరే భాషా సాఫ్ట్‌వేర్, మూడో గుంపుకి థెరపిస్టుతో నేరుగా థెరపీ. నాలుగో గుంపుకి భాషతో పనిలేని లెక్కలు, సైన్సు, భూగోళం ఆటలు. రోజుకి 100 నిమిషాలు, వారానికి 5 రోజులు, 6 వారాలు.

నాలుగు గుంపులూ మెరుగుపడ్డాయి. దాదాపు సమానంగా!

ఆ నాలుగో గుంపే లేకపోతే "మా ప్రోగ్రాం అద్భుతం" అని బ్రోచర్ వేసేసేవాళ్ళు.

విజయవాడ_సుధ | మంగళవారం ఉదయం 10:20

అంటే థెరపిస్టు దగ్గరికి వెళ్ళినా ఒకటే, భూగోళం ఆటలు ఆడినా ఒకటేనా? మరి ఈ అమ్మగారు డబ్బులెందుకు కట్టాలి?

మాటమూట | మంగళవారం మధ్యాహ్నం 1:30

మంచి ప్రశ్న. ఆ ట్రయల్‌లో కొలిచింది ముఖ్యంగా భాష మొత్తానికీ ఒకే స్కోరు ఇచ్చే పెద్ద పరీక్షలతో. అలాంటి పరీక్ష చిన్న మార్పును పట్టుకోలేదు. ఫలానా వాక్య నిర్మాణం నేర్పి, దాన్నే విడిగా కొలిచిన అధ్యయనాల్లో చిత్రం వేరుగా ఉంది. ఇంగ్లండ్‌లో మూర్ హౌస్ అని డీఎల్‌డీ పిల్లలకోసమే ఒక బడి ఉంది. అక్కడ సూసన్ ఎబెల్స్ అనే థెరపిస్టు వాక్యంలో ఒక్కో భాగానికి ఒక్కో ఆకారం, రంగు ఇచ్చి వ్యాకరణం నేర్పే షేప్ కోడింగ్ పద్ధతి తెచ్చారు. దాన్ని పై తరగతుల పిల్లల మీద కూడా ట్రయల్స్ చేశారు. ఆస్ట్రేలియాలో చిన్న తరగతుల పిల్లలకి ఇంగ్లిష్ భూతకాలం నేర్పడానికి వాడి చూశారు. నేర్పినదాంట్లో స్పష్టమైన లాభం కనిపించింది.

కానీ పెద్దవాళ్ళు దాచే మాట ఒకటుంది. మాట్లాడడం మెరుగైనంత తేలిగ్గా అర్థం చేసుకోవడం మెరుగవదు. స్కాట్లండ్‌లో 6 నుంచి 11 ఏళ్ళ పిల్లలు 161 మందితో చేసిన ట్రయల్ 2009లో వచ్చింది. వారానికి మూడుసార్లు చొప్పున 15 వారాలు. థెరపిస్టు ఇచ్చినా, ఆమె శిక్షణ ఇచ్చిన అసిస్టెంటు ఇచ్చినా, ఒక్కడికే ఇచ్చినా, గుంపుగా ఇచ్చినా ఫలితంలో తేడా రాలేదు. మాట్లాడే భాషలో మెరుగుదల ఉంది. అర్థం చేసుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మీ బాబుకి రెండూ ఇబ్బందే కాబట్టి రెండిటికీ ఒకే గడువు పెట్టుకోకండి.

(సెంటర్లవాళ్ళు వన్ టు వన్ సెషన్‌కి రెట్టింపు ఫీజు అడిగినప్పుడల్లా నాకు ఈ ట్రయలే గుర్తొస్తుంది.)

గుంటూరు_స్పీచ్ | మంగళవారం సాయంత్రం 4:45

అందరూ థెరపిస్టులకు పరీక్ష పెడుతున్నారు, మా గోడు కూడా వినండి. తల్లిదండ్రులకి అంకె కావాలి. "వాడు ఇప్పుడు అర్థం కాకపోతే మళ్ళీ చెప్పమని అడుగుతున్నాడండీ" అని రాస్తే అదీ ఒక రిపోర్టేనా అన్నట్టు చూస్తారు. 80 శాతం అని రాస్తే నవ్వుతూ వెళ్తారు. పెద్ద పిల్లలకి తెలుగులో చేతికందే నార్మ్స్ (ఏ వయసుకి ఎంత రావాలో చెప్పే ప్రమాణాలు) ఎన్నున్నాయో మీకే తెలుసు. నలభై నిమిషాల సెషన్‌లో కొలతలకే ఇరవై పోతే నేర్పేదెప్పుడు? నాలుగు నెలలకోసారి సెంటర్ మార్చేవాళ్ళ పిల్లలకి నేను బేస్‌లైన్ (మొదలుపెట్టే ముందు కొలత) తీసి ఏం లాభం?

ఇంకోటి కూడా. కొలతలో తేలలేదు కాబట్టి థెరపీ ఆపేద్దాం అనడం మరీ అన్యాయం. డీఎల్‌డీ జ్వరం లాంటిది కాదు, పెద్దయ్యాక కూడా ఏదో రూపంలో ఉంటుంది.

మాటమూట | మంగళవారం సాయంత్రం 5:30

మేడం, మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. అందుకే ప్రతి సెషన్‌లో కొలవక్కర్లేదు. లక్ష్యం మొదలుపెట్టే ముందు రెండుసార్లు, ముగిశాక ఒకసారి, దసరా సెలవుల్లాంటి గ్యాప్ వచ్చాక ఒకసారి. ఒక్కోటి ఐదు నిమిషాలు. "మళ్ళీ చెప్పమని అడుగుతున్నాడు" అన్నది నా దృష్టిలో 80 శాతం కంటే విలువైన ఫలితం. దాన్నే కొలవచ్చు కూడా. కావాలని అర్థంకాని సూచన ఒకటి ఇచ్చి ఊరుకుంటాడా, అడుగుతాడా చూడడమే.

ఖమ్మం_పంతులు | మంగళవారం రాత్రి 8:05

ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. తల్లులూ థెరపిస్టులూ మాట్లాడుకుంటున్నారు గానీ పిల్లాడు రోజులో ఎక్కువసేపు ఉండేది మా దగ్గర. మమ్మల్ని ఒక్కరూ అడగరు.

నా క్లాసులో ఒక పిల్ల. భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాల పిల్లల కోసం సర్కారు నడిపేది) ఐఈఆర్‌పీ మేడం, అంటే అక్కడి రిసోర్స్ టీచర్, కథ చెప్పడం మీద పనిచేసింది. అక్కడ బొమ్మలు పెడితే గడగడా చెప్తుందంట. నేనొక పని చేసిన. బొమ్మల్లేకుండా, నేను చూడని సంగతి, అంటే వాళ్ళ ఊరి బోనాల గురించి చెప్పమన్న. నాకు తెలియదు కాబట్టి అది "వాడు", "అది" అంటే నాకు అర్థంకాదు, పేరు పెట్టి చెప్పాలె. అప్పుడు బయటపడ్డది. ఎవరు ఎవరో తెలియకుండ పోతాంది. ఆ సంగతి మేడంకి చెప్తే లక్ష్యమే మార్చింది.

ఇంకోటి, పరీక్షలో "క్రింది పేరా చదివి జవాబులు రాయండి" అంటే పిల్లలు ప్రశ్నలోని పదం పేరాలో ఎక్కడుందో వెతికి ఆ లైన్ ఎత్తి రాస్తరు. మార్కులొస్తయ్. మార్కుల్ని చూసి థెరపీ పనిచేసిందనుకోకండి.

ఫ్రిస్కో_నాన్న | మంగళవారం రాత్రి 9:40

టెక్సాస్ నుంచి. ఇక్కడ బడిలోనే థెరపీ, ఐఈపీలో (ఒక్కో పిల్లకీ విడిగా రాసే చదువు ప్రణాళికలో) లక్ష్యాలు కొలవగలిగేలా రాయాలి, ఏడాదికోసారి మీటింగ్, మూడేళ్ళకోసారి మళ్ళీ పూర్తి పరీక్షలు. ఇదంతా చట్టమే. కాబట్టి ఇక్కడ అంతా సవ్యం అనుకోకండి. "ఐదుసార్లలో నాలుగుసార్లు, కొద్దిపాటి సాయంతో" అని రాస్తారు. ఆ కొద్దిపాటి సాయం ఎంతో ఎవరికీ తెలీదు. మా అమ్మాయి మొదటి లక్ష్యం అలాగే పూర్తయింది, క్లాస్ టీచర్‌కి మాత్రం ఆ సంగతే తెలీదు.

మొదటిసారి పరీక్షలన్నీ ఇంగ్లిష్‌లోనే పెట్టారు. ఇంట్లో తెలుగు మానేయమని ఒకరు సలహా కూడా ఇచ్చారు. పిల్లకి తెలిసిన భాషలో కూడా చూడాలని ఇక్కడి చట్టమే చెప్తోందని గట్టిగా పట్టుబడితే దుభాషిని పెట్టారు. తెలుగులోనూ అవే రకం ఇబ్బందులు కనిపించాకే అది రెండు భాషల గందరగోళం కాదని తేలింది.

మాటమూట | మంగళవారం రాత్రి 10:15

తెలుగు మానేయమన్న సలహా విని నా బీపీ పెరిగింది. రెండు భాషలు డీఎల్‌డీ తెచ్చిపెట్టవు, ముదిరేలా కూడా చేయవు. నానమ్మతో మాట్లాడే భాష తీసేస్తే పిల్లకి మిగిలేది తక్కువ ప్రాక్టీసు, అంతే.

నిజాంపేట_అమ్మ | బుధవారం రాత్రి 10:30

అందరికీ ధన్యవాదాలు. ఈరోజు మేడంని అడిగాను. నొచ్చుకోలేదు, షీటు తీసి చూపించారు. మీరన్నట్టే, ఎక్కువ భాగం "తర్వాత" వాక్యాలే! "ముందు" వాక్యాలు విడిగా మళ్ళీ పెట్టారు. అన్నీ విన్న వరసలోనే చేశాడు. మేడమే ఆశ్చర్యపోయారు. కొత్తగా మొదలుపెడదాం, ఈసారి పద్ధతిగా కొలుద్దాం అన్నారు. పద్ధతిగా అంటే ఎలా, కాస్త వివరంగా చెప్తారా?

మాటమూట | గురువారం ఉదయం 7:10

మీ మేడంకి నా తరఫున దండం. అలాంటి థెరపిస్టుని వదులుకోకండి.

నేనైతే ఇలా చేస్తాను. నేర్పబోయేది "ముందు" వాక్యాలు. దాంతోపాటు బాబుకి రానిదే, కానీ ఈ విడతలో మనం ముట్టుకోనిది ఇంకొకటి ఎంచుకుంటాను. ఉదాహరణకి "కుక్కని తరిమిన పిల్లి", "కుక్క తరిమిన పిల్లి". రెండు బొమ్మలు పెట్టి ఏది చూపించమంటే అది చూపించాలి. ఒక్క "ని"తో తరిమేదెవరో, పారిపోయేదెవరో మారిపోతుంది. డీఎల్‌డీ పిల్లలు చాలామంది ఇక్కడ తడబడతారు. మొదలెట్టే ముందు రెండు రకాలూ కొలవాలి, వారం ఆగి మళ్ళీ కొలవాలి. ఆ వారంలోనే పెరిగిపోతే అది మన ఘనత కాదు.

విడత ముగిశాక రెండూ కొలవండి. "ముందు" పెరిగి, కుక్కా పిల్లీ ఉన్నచోటే ఉంటే, థెరపీ పనిచేసిందని ధైర్యంగా అనొచ్చు. రెండూ సమానంగా పెరిగితే వయసో, బడో, మరొకటో కావచ్చు. రెండూ కదలకపోతే పద్ధతి మార్చాలి, లేదా లక్ష్యం చిన్నది చేసుకోవాలి.

కొలిచే వాక్యాల్లో సెషన్‌లో వాడని క్రియలు ఉండాలి. నేర్పిన వాక్యాల్లోనే వస్తే అది బట్టీ కావచ్చు. నేర్పేటప్పుడు కూడా రకరకాల క్రియలతో నేర్పమనండి. అమెరికాలో ఎలీనా ప్లాంటే బృందం 2014లో దీన్నే పరీక్షించింది. కొందరు పిల్లలకి 12 క్రియలు రెండేసిసార్లు, మరికొందరికి 24 వేర్వేరు క్రియలు ఒక్కోసారి వినిపించారు. వ్యాకరణం పట్టుబడింది రెండో గుంపుకే. కొత్త పదాలు నేర్పడం మాత్రం దీనికి భిన్నం, ఒక్కో పదం చాలాసార్లు వినబడాలి. హాలీ స్టోర్కెల్ బృందం కథల పుస్తకాలతో చేసిన ట్రయల్‌లో ఒక్కో పదానికి 36 సార్లు సరైన మోతాదుగా తేలింది. అంతచేసినా ఆపేశాక చాలా పదాలు మర్చిపోయారు. సెలవుల తర్వాత కొలవమన్నది అందుకే.

చివరి కొలత మేడం కాకుండా అదే సెంటర్‌లో ఇంకొకరు, ఏది నేర్పారో తెలియకుండా చేస్తే ఇంకా మంచిది. కుదరకపోతే వీడియో తీసి ఇంకొకరితో మార్కులు వేయించండి.

గోదారోడు | గురువారం ఉదయం 8:00

కుక్కని తరిమిన పిల్లి... నేనే రెండుసార్లు చదువుకోవాల్సొచ్చిందండీ బాబూ.

నల్గొండ_రమ | గురువారం మధ్యాహ్నం 12:20

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. మా అబ్బాయికి ఏడో తరగతి, ఇదే సమస్య. పరీక్షల్లో అదనపు సమయం కోసం సర్టిఫికెట్ అడిగితే, స్పీచ్ అండ్ లాంగ్వేజ్ డిజబిలిటీ కింద రాదన్నారు. నిజమేనా?

ఖమ్మం_పంతులు | గురువారం రాత్రి 7:45

ఆ హెడ్డింగ్ కింద రాదు మేడం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో దానికి గొంతుపెట్టె తీసేయడం, అఫేసియా (మెదడు దెబ్బతిని మాట పోవడం) లాంటి శారీరక, నాడీ సంబంధ కారణాలే చెప్పిండ్రు. కానీ అదే చట్టంలో స్పెసిఫిక్ లెర్నింగ్ డిజబిలిటీ (నేర్చుకోవడంలో ప్రత్యేక లోపం) నిర్వచనం చదవండి. మాట్లాడే భాషలో లోపం కూడా ఉంది, డెవలప్‌మెంటల్ అఫేసియా అని పేరుతో సహా ఉంది. మీరు ఆ దారిలో అడగండి. అసెస్‌మెంట్ రిపోర్టులో చదవడం, రాయడం మీద ప్రభావం కూడా స్పష్టంగా రాయించుకోండి.

నిజాంపేట_అమ్మ | ఆ తర్వాతి వారం, ఆదివారం రాత్రి 9:05

చిన్న అప్‌డేట్. బేస్‌లైన్ రెండుసార్లూ అయింది, మార్కులు ఇంచుమించు ఒకేలా వచ్చాయి. కుక్క, పిల్లి బొమ్మలు మేడం వాట్సాప్‌లో పంపితే మా ఆయనకి ఉత్సాహం వచ్చేసింది. డబ్బులు దండగన్న మనిషే రోజూ భోజనాలయ్యాక వాడిని కూర్చోబెట్టి అవే బొమ్మలు ప్రాక్టీస్ చేయిస్తున్నారు. బాగా చెప్తున్నాడు కూడా.

మాటమూట | ఆదివారం రాత్రి 9:11

అయ్యో, ఆపించండి! అవి ముట్టుకోకూడదనే కదా పక్కన పెట్టాం. మీవారి ఉత్సాహం "ముందు" వాక్యాల వైపు తిప్పండి. వంటింట్లో కావలసినన్ని దొరుకుతాయి. కుక్కా పిల్లీ పాడైపోయాయి కాబట్టి మేడంకి చెప్పి ఇంకో రకం ఎంచుకోమనండి, దానికి మళ్ళీ రెండుసార్లు కొలవాలి. ఈసారి బొమ్మలు వాట్సాప్‌లో పంపొద్దనండి.